ప్రాపర్టీస్ ప్యానెల్ చదవడం నేర్పని వెబ్ డిజైన్ కోర్సులు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో వెబ్ డిజైన్ కోర్సుల గురించి ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఎలాంటి ఉద్యోగం దొరుకుతుందో వివరంగా రాశారు. అది పిల్లలకు పనికొచ్చే సమాచారమే. కానీ మౌస్‌తో లాగి వదిలితే చాలు, పేజీ దానంతట అదే తయారవుతుందన్న భావం ఆ వ్యాసం పొడుగునా ఉంది. ఖమ్మంలో ఏళ్ల తరబడి డిగ్రీ, డిప్లొమా విద్యార్థులకు ఈ పని నేర్పుతున్న దాన్నిగా ఆ మాట ఒప్పుకోలేను. లాగి వదలడంతో పని మొదలవుతుంది, అంతే. వదిలిన వెంటనే తెర కుడిపక్కనో, అడుగునో తెరుచుకునే ప్రాపర్టీస్ ప్యానెల్‌లోనే, అంటే ఎంచుకున్న దాని రంగు, కొలత వంటి గుణాలను గడుల్లో చూపి మార్చనిచ్చే పట్టీలోనే, మిగతా పనంతా ఉంది. దాన్ని శ్రద్ధగా చదవడం మన శిక్షణ కేంద్రాల్లో చాలావరకు నేర్పడం లేదు. అందువల్ల తెలుగు పేజీలకు ఎంత నష్టం జరుగుతోందో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా తరం వాళ్లు ఈ ప్యానెల్‌ను మొదట చూసింది వెబ్ పేజీలు తయారుచేసే డ్రీమ్‌వీవర్‌లో. మాక్రోమీడియా సంస్థ 1997 చివర్లో విడుదల చేసిన ఆ సాఫ్ట్‌వేర్ 2005లో అడోబీ చేతికి వచ్చింది. పేజీ అడుగున పొడవాటి పట్టీ ఒకటి ఉండేది, దాని పేరు ప్రాపర్టీ ఇన్‌స్పెక్టర్. కంట్రోల్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే కనిపించేది, మళ్లీ నొక్కితే పోయేది. పేరాలో కర్సర్ ఉంచితే అందులో ఫార్మాట్, ఫాంట్, లింక్ అనే గడులు వచ్చేవి. బొమ్మ మీద క్లిక్ చేస్తే అవి పోయి వెడల్పు, ఎత్తు, సోర్స్ (బొమ్మ ఫైలు ఉన్న చోటు), ఆల్ట్ (బొమ్మను చూడలేనివారి కోసం మాటల్లో రాసే వివరణ) వచ్చేవి. పట్టికను పట్టుకుంటే అడ్డవరుసలెన్ని, నిలువు వరుసలెన్ని అని ఉండేది. అదే పట్టికలో ఒక సెల్‌లోకి కర్సర్ వెళ్తే ఆ సెల్ నేపథ్యం రంగు, అది శీర్షిక సెల్ అవునా కాదా అని టిక్కు పెట్టే చోటు కనిపించేవి. దేన్ని ఎంచుకుంటే దాని సంగతి మాత్రమే చూపడం, మిగతాది దాచడం ఈ ప్యానెల్ స్వభావం. పేజీలు రూపొందించే ఇవాళ్టి సాధనాలు ఫిగ్మా, వర్డ్‌ప్రెస్, ఎలిమెంటర్, వెబ్‌ఫ్లో అన్నింటిలోనూ చోటు మారింది, ముస్తాబు మారింది గానీ స్వభావం అదే.

తరగతిలో పిల్లలు తడబడేది కూడా ఇక్కడే. 'మేడమ్, నిన్న ఉన్న ఆప్షన్ ఇవాళ లేదు' అంటారు. ఆప్షన్ ఎక్కడికీ పోలేదు. నిన్న వాళ్లు పట్టికను ఎంచుకున్నారు, ఇవాళ దాని లోపలి పేరాలో ఉన్నారు. ప్యానెల్ వైపు చూసే ముందు 'ఇప్పుడు నా చేతిలో ఏముంది' అని ప్రతిసారీ వెతుక్కోవడం అలవాటు చేయాలి. అందుకు సాధనాలు ఉన్నాయి. డ్రీమ్‌వీవర్‌లో పేజీ అడుగున బాడీ, టేబుల్, టీఆర్, టీడీ, పీ అంటూ ట్యాగుల వరుస, అంటే పేజీ భాగాలకు కోడ్‌లో ఉండే పేర్ల వరుస, కనిపిస్తుంది. కావలసిన ట్యాగు మీద నొక్కితే సరిగ్గా అదే ఎంపికవుతుంది. వర్డ్‌ప్రెస్ ఎడిటర్ అడుగున అలాంటి వరుసే ఉంది, దానికి తోడు పేజీ భాగాలన్నిటినీ జాబితాగా చూపే లిస్ట్ వ్యూ ఉంది. ఫిగ్మాలో ఎడమపక్క లేయర్ల జాబితా ఉంది. ఇవేవీ చూడకుండా నేరుగా రంగుల గడిలోకి వెళ్లిపోతారు. ఒక బట్టల దుకాణం పేజీలో 'ఆర్డర్ చేయండి' అన్న బటన్‌కు రంగు మార్చమని అభ్యాసం ఇస్తాను. బటన్‌ను వదిలి లోపలి అక్షరాలను ఎంచుకుని నేపథ్యం రంగు మార్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అక్షరాల వెనక మాత్రం ఎర్రటి పట్టీ పడుతుంది, బటన్ పాత ఆకుపచ్చలోనే ఉండిపోతుంది. దాన్ని కప్పడానికి ఇంకో గడిలో ఇంకో విలువ, దాని మీద మరొకటి వేస్తారు. అలా పేరుకుపోయిన పేజీని ఏడాది తరువాత మరొకరు సరిదిద్దాలంటే మళ్లీ మొదటి నుంచి కట్టడమే సులువనిపిస్తుంది.

ఫిగ్మాలో మూడు శీర్షికలను కలిపి ఎంచుకున్నప్పుడు వాటి అక్షరాల పరిమాణాలు వేర్వేరుగా ఉంటే ఆ గడిలో అంకె కనిపించదు, 'మిక్స్‌డ్' అని కనిపిస్తుంది. పిల్లలు దాన్ని పొరపాటు సందేశం అనుకుని పైన ఏదో ఒక అంకె కొట్టేస్తారు. పేజీలో పొందిక ఎక్కడో తప్పిందని చెబుతున్న కబురు అది. ముందు ఆగి, ఆ తేడా కావాలని పెట్టిందా, చేయి జారి వచ్చిందా అని చూడాలి. ఇలాంటి చిన్న కబుర్లు ప్యానెల్ రోజంతా చెబుతూనే ఉంటుంది.

2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.0 వచ్చినప్పటి నుంచి మన ఊళ్లలో పాఠశాలల, ఆస్పత్రుల, దేవస్థానాల పేజీలు, పేరా, బొమ్మ వంటి వాటిని ఒక్కో బ్లాక్‌గా పేర్చే దాని బ్లాక్ ఎడిటర్‌తోనే ఎక్కువగా తయారవుతున్నాయి. దాని కుడిపక్క రెండు ట్యాబ్‌లు ఉంటాయి. ఒకటి మొత్తం పేజీకి, రెండోది ఎంచుకున్న బ్లాక్‌కు. ఆ రెండో ట్యాబ్‌ను తెరిచి కింది వరకూ చూసే విద్యార్థి అరుదు. ఇంకో సంగతి. 2024లో ఫిగ్మా తన ప్యానెళ్లను అంచుల నుంచి విడదీసి కాన్వాస్ (బొమ్మ గీసే చోటు) మీద తేలేలా మార్చింది. వాడేవాళ్లు అభ్యంతరం చెప్పాక మళ్లీ అంచులకు చేర్చింది. ఏ గడి ఎక్కడుందో బట్టీ పట్టించే శిక్షణ ఇలాంటి మార్పు వచ్చిన రోజున ఎందుకూ కొరగాదు. ఏది ఎంచుకుంటే ఏది అడుగుతుందో తెలిసిన పిల్లవాడికి మాత్రం కొత్త సాఫ్ట్‌వేర్ అలవాటు కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వస్తాను. నాకు అసలు బాధ ఇక్కడే.

ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్ ప్రమాణం వాడుకలోకి రాక ముందు తెలుగు పేజీ అంటే ప్యానెల్‌లోని ఫాంట్ గడే దిక్కు. కింద ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు, పైన ఒక తెలుగు ఫాంటు ముసుగు. చూసేవారి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే కవిత కాస్తా డాలర్ గుర్తులు, కుండలీకరణాలు అయ్యేది. వెతికినా దొరికేది కాదు, కాపీ చేసుకుంటే అర్థమయ్యేది కాదు. 1991 నాటి మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంది. అయినా మన పేజీలు మారడానికి చాలా కాలం పట్టింది. ఆ నాటి అలవాటు ఒకటి ఇప్పటికీ మిగిలిపోయింది. ప్యానెల్‌లో తెలుగు కోసం చూడాల్సింది ఫాంటు ఒక్కటే అని, మిగతా గడులు ఇంగ్లిషుకు ఉన్నట్టే వదిలేయవచ్చని అనుకుంటారు. అక్కడే పేజీ పాడవుతోంది.

ఒక్కో వరుసకు ఎంత ఎత్తు ఇవ్వాలో, అక్షరాల పరిమాణానికి ఎన్ని రెట్లో చెప్పే లైన్ హైట్ గడి చూడండి. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయేలా పెట్టిన 1.2 విలువ చాలా టెంప్లేట్లలో శీర్షికలకు ముందే ఉంటుంది. తెలుగులో పైన గుడులు, ఏత్వాలు, కింద ఒత్తులు ఉంటాయి. 'రాష్ట్రం', 'లక్ష్మి', 'స్త్రీ' లాంటి మాటల్లో ఒత్తు కింద మరో ఒత్తు కూడా వస్తుంది. రెండు వరుసల శీర్షికలో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. బటన్‌కో, మెనూకో ఎత్తు స్థిరంగా పెట్టి ఉంటే ఒత్తులు సగానికి తెగిపోతాయి. నేను పిల్లల చేత వ్యాసభాగానికి 1.6 నుంచి 1.8 వరకు పెట్టించి చూపిస్తాను, ఎత్తు గడిలో స్థిరమైన అంకె తీసేసి ఆటో పెట్టిస్తాను. ఒక్క గడిలో ఒక్క అంకె మారితే పేజీ ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. తెలుగు చదవడం కళ్లకు శ్రమగా ఉందని, ఇంగ్లిషు పేజీయే నయమని అనే యువతీయువకులను నేను తప్పుపట్టలేను. వాళ్లు చూస్తున్న పేజీలు అలా ఉన్నాయి.

ఇక అక్షరాలను మందం (బోల్డ్) చేసే 'బి', వాల్చే (ఇటాలిక్) 'ఐ' మీటలు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, గురజాడ వంటి చక్కని తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని తయారుచేసిన వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అయితే ఇప్పుడు చెప్పినవన్నీ ఒక్క మందంలోనే ఉన్నాయి. మండలిలో ఉన్న మాటను ఎంచుకుని 'బి' నొక్కితే బ్రౌజర్ తనే గీతలను ఉబ్బించి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. 'ఘ', 'ఝ' లాంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. నోటో సాన్స్ తెలుగులో సన్నం నుంచి బాగా మందం వరకు నిజమైన తరగతులు ఉన్నాయి. ప్యానెల్‌లో వెయిట్ (మందం) గడి తెరిస్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది, ఒకదానికి ఒక్క పేరే కనిపిస్తుంది, మరొకదానికి పెద్ద జాబితా వస్తుంది. తెలుగు ఫాంట్లలో నిజమైన ఇటాలిక్ దాదాపు కనిపించదు. 'ఐ' నొక్కితే అక్షరాలు పక్కకు వాలతాయి, అంతే. మన లిపిలో ఒక మాటను ప్రత్యేకంగా చూపాలంటే రంగో, మందమో, కోట్ గుర్తులో వాడుకోవచ్చు.

'బి' మీటతో ఇంకో పెద్ద చిక్కు ఉంది. పేరాను ఎంచుకుని, అక్షరాలు పెద్దవి చేసి, 'బి' నొక్కి, దాన్నే శీర్షిక అంటారు. కంటికి శీర్షికలాగే ఉంటుంది. ప్యానెల్‌లోని ఫార్మాట్ గడిలో మాత్రం ఇంకా పేరాగ్రాఫ్ అనే ఉంటుంది. ఆ గడిని హెడింగ్ 2 అని మార్చకపోతే కంప్యూటర్ దృష్టిలో అక్కడ శీర్షిక లేనట్టే. చూపు లేని ఒక ఉపన్యాసకుడు నాకు తెలుసు. ఆయన తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్, ఎన్‌వీడీఏ అనేదాన్ని వాడతారు. తానూ చూపు లేనివాడే అయిన మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పేజీ తెరవగానే ఆయన హెచ్ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు వెళ్తారు, కావలసిన చోట ఆగి చదువుకుంటారు. అది మనం పేజీని పైనుంచి కిందికి ఒకసారి కంటితో చూసుకోవడం లాంటిది. అన్నీ దొంగ శీర్షికలే ఉన్న పేజీలో హెచ్ నొక్కితే 'ఇక శీర్షికలు లేవు' అన్న జవాబు వస్తుంది. అప్పుడు ఆయన మొదటి మాట నుంచి చివరి మాట వరకు వినాలి.

బొమ్మల సంగతి ఇంకా ఘోరం. ఒక కళాశాల వెబ్‌సైట్‌లో పరీక్షల తేదీలు, ఫీజు గడువులు అన్నీ ఫోనుతో తీసిన కాగితాల బొమ్మలే. బొమ్మ మీద క్లిక్ చేస్తే కుడిపక్క ప్యానెల్ ఆల్టర్నేటివ్ టెక్స్ట్ అని అడుగుతుంది. ఆ గడి ఖాళీ. పాఠకులు ఒక సూక్ష్మం గమనించాలి. డ్రీమ్‌వీవర్ ప్యానెల్‌లో ఆల్ట్ గడిని తాకకుండా వదిలేయడం, దాని జాబితాలో ఎంప్టీ అని ఎంచుకోవడం రెండు వేర్వేరు పనులు. వదిలేస్తే ఆల్ట్ అనేదే కోడ్‌లో ఉండదు. అలాంటి బొమ్మ లింకుగా ఉంటే చాలా స్క్రీన్ రీడర్లు ఫైలు పేరునో, లింకు చిరునామానో అంకెలతో సహా చదువుతాయి. ఎంప్టీ పెడితే ఇది అలంకారం మాత్రమే, దాటి వెళ్లవచ్చని చెప్పినట్టు. వర్డ్‌ప్రెస్ బ్లాక్ ఎడిటర్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే కోడ్‌లోకి ఖాళీ ఆల్టే వెళ్తుంది. అంటే పరీక్షల తేదీలున్న కాగితం అలంకారంగా లెక్కకు వచ్చి, స్క్రీన్ రీడర్ దాన్ని చదవకుండా దాటిపోతుంది. అక్కడ ఒక నోటీసు ఉందన్న సంగతే చూపు లేని విద్యార్థికి తెలియదు. గడువు దాటాక కిటికీ దగ్గర నిలబడి జరిమానా కట్టాల్సి వస్తుంది. 'మూడో సెమిస్టర్ పరీక్షల తేదీల ప్రకటన, పూర్తి వివరాలు కింద ఉన్నాయి' అని ఆ గడిలో రాసి, తేదీలను మామూలు పట్టికగా టైపు చేస్తే సరిపోయేది. ఆ పట్టికలో పై వరుసకు హెడర్ (శీర్షిక) టిక్కు కూడా పెడితే 'తేదీ', 'సబ్జెక్టు' అన్న పేర్లతో సహా వినిపిస్తుంది.

ప్యానెల్ అన్నీ అడుగుతుందని మాత్రం అనుకోకూడదు. పేజీ ఏ భాషలో ఉందన్నది డ్రీమ్‌వీవర్ పట్టీలో లేదు. కోడ్‌లో మొదటి ట్యాగుకు లాంగ్ అనే గుణాన్ని చేర్చి, దానికి తెలుగు సంకేతం 'టీఈ' ఇవ్వాలి. వర్డ్‌ప్రెస్‌లో సైటు భాష సెట్టింగు నుంచి అది వస్తుంది. ఇంగ్లిషు సైటుగా పెట్టి తెలుగు రాస్తే, పేజీ అంతా ఇంగ్లిషని స్క్రీన్ రీడర్‌కు చెప్పినట్టే. తెలుగు చదవగల గొంతు ఎన్‌వీడీఏలో ఉండి కూడా ఉపయోగం లేకుండా పోతుంది. అందుకే నేను పిల్లలకు ప్యానెల్‌తో పాటు కోడ్ కూడా తెరిపించి, ఒక గడిలో విలువ మారితే అక్కడ ఏ అక్షరం మారిందో చూడమంటాను.

చూపు లేనివారికీ పేజీ అందేలా చేయడం ఎవరి దయ మీదో ఆధారపడిన విషయం కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచార సాంకేతికత వాళ్లకు అందుబాటులో ఉండాలంటోంది. 2024 నవంబరులో అందుబాటు ప్రమాణాలపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెనక మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసిన నివేదిక ఉంది. 2025 ఏప్రిల్ 30న అదే కోర్టు డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని తేల్చింది. ఢిల్లీలో వచ్చిన ఆ తీర్పు ఖమ్మంలో అమలు కావాలంటే ఒక ఇరవై ఏళ్ల అమ్మాయి బొమ్మ మీద క్లిక్ చేసి ఆల్ట్ గడిలో నాలుగు మాటలు రాయాలి.

కృత్రిమ మేధ వచ్చింది, ఇవన్నీ అదే రాస్తుంది కదా అని కొందరు తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు. రాస్తుంది. వేదిక మీద ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారని రాస్తుంది. ఆ ఫొటోలో జిల్లా స్థాయి పోటీలో గెలిచిన విద్యార్థిని బహుమతి అందుకుంటోందని ఆ కళాశాల వాళ్లకే తెలుసు. రాసింది సరిగా ఉందో లేదో చూసుకోవాలన్నా మళ్లీ ఆ బొమ్మను ఎంచుకుని ప్యానెల్ తెరవాల్సిందే.

మీ పత్రికకు ఒక విన్నపం. కోర్సుల గురించి మళ్లీ రాసినప్పుడు సాఫ్ట్‌వేర్ల పేర్లు, జీతాలతో పాటు ఆ కోర్సులో పరీక్ష ఎలా పెడుతున్నారో కూడా అడిగి రాయండి. చాలాచోట్ల ఒక హోమ్ పేజీ తయారుచేయమని, కంటికి బాగుందా లేదా చూసి మార్కులు వేస్తారు. అది కాక, ఇప్పటికే తయారైన ఒక తెలుగు పేజీని విద్యార్థి ముందు పెట్టి, కొత్తగా ఏమీ చేర్చకుండా ప్యానెల్‌లోని గడులను మాత్రమే వాడి దాన్ని బాగుచేయమనవచ్చు. తెగిన ఒత్తులు, దొంగ శీర్షికలు, ఖాళీ ఆల్టులు, హెడర్ లేని పట్టిక అందులో ఉంచాలి. బాగుచేసిన పేజీని స్పీకర్ పెట్టి ఎన్‌వీడీఏతో అందరికీ వినిపించి మార్కులు వేయాలి. సాంకేతిక విద్యా మండళ్లు, నైపుణ్య శిక్షణ నడిపే ప్రభుత్వ శాఖలు ఈ ఒక్క ప్రశ్నను ప్రాక్టికల్స్‌లో చేరిస్తే దానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, లైసెన్సు ఖర్చు లేదు. ప్రశ్నపత్రం నమూనా, అభ్యాసానికి పనికొచ్చే పేజీలు నా దగ్గర ఉన్నాయి. ఏ కళాశాల అడిగినా ఉచితంగా ఇస్తాను, వచ్చి ఒక పూట చెప్పమన్నా వస్తాను.

ఇట్లు,
వెబ్ డిజైన్ శిక్షకురాలు,
ఖమ్మం.